చెయ్యిది తప్పు కాదు

కట్టంగూర్,
14 నవంబర్ 2022, సోమవారం.

భాయిజాన్ తాజుద్దీన్‌కు,

చెల్లెలు షంషాద్ సలాములు. భాభీకి కూడా నా సలాం చెప్పు. అల్లా మిమ్మల్ని, గాజుల దుకాణాన్ని చల్లగా చూడాలి. మేమంతా ఇక్కడ బాగున్నాం అని ఈ చోట రాయాలి. ఎప్పుడూ అట్లాగే రాసేదాన్ని. ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. వదిలేశాను.

ఫోన్లు వచ్చాక మనం ఉత్తరాలు మానేశాం. నిన్న కూడా ఫోనే చేద్దామనుకున్నాను. నీ నంబరు తీసి, మళ్లీ పక్కన పెట్టాను. నా సంగతి నీకు తెలుసు కదా. నువ్వు గొంతు పెంచితే నా గొంతు పడిపోతుంది. "గట్ల కాదు షంషాద్, నీకు తెల్వదు" అని నువ్వు ఒక్క మాట అంటే, "అవును భాయ్" అని పెట్టేస్తాను. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఇదే జరుగుతోంది. కాగితం మీద నువ్వు నన్ను మధ్యలో ఆపలేవు. అందుకే మధ్యాహ్నం జొహర్ నమాజ్ చేసుకుని, కాళ్లూ చేతులూ కడుక్కున్న ఆ వజూ మీదనే కలం పట్టుకుని కూర్చున్నాను.

ఇంట్లో ఉర్దూలో నిన్ను ఆప్ అంటాను. కానీ మనం మక్తల్ బడిలో నేర్చుకున్న రాత తెలుగు. తెలుగులో రాస్తే నువ్వు అనే వస్తుంది. ఈ రోజుకు అదే మంచిది.

పోస్టులో వేస్తే ఈ ఉత్తరం గురువారం లోపల అందదు. మా ఆయన దగ్గర టైర్లు వేయించుకునే లారీ డ్రైవరు ఒకాయన రాయచూరు పోతూ మక్తల్‌లో నీ దుకాణం ముందు ఆగి ఇస్తాడు. ఇంటికి తీసుకుపోకు. దుకాణంలోనే కూర్చుని చదువు. చివరిదాకా చదువు. గురువారం ఒక పిల్ల కోర్టుకు పోవాలి. పోతుందో పోదో ఇప్పటికి చెప్పలేను. పోకపోతే అందులో నీ పాలు కూడా ఉంది. అందుకే ఇంత తొందర.

ముందు ఇంటి కబుర్లు. నా బిడ్డ ఉమేరా నికా వచ్చే నెలలోనే అని పెళ్లికొడుకు సాకిబ్ వాళ్లు ఖాయం చేశారు. ఆమె బట్టలకు అంచులు కుట్టుకుంటూ కూర్చుంటోంది. ఉమేరా నాయినకు హైవే మీద పని బాగానే ఉంది. నీ బిడ్డ జేబా పరీక్షలకు చదువుకుంటానని నీకు చెప్పి వచ్చింది కదా, మా దగ్గరే ఉంది. ఎట్లుందని మొన్న ఫోన్లో అడిగావు. అన్నం తింటోంది. మాట తక్కువైంది. ఆమె సంగతి చివర రాస్తాను.

చికున్‌గున్యా వచ్చిపోయినప్పటి నుంచి నా వేళ్లు పట్టేస్తున్నాయి. ఈ కాస్త రాసేసరికే కలం జారుతోంది. ఇక్కడి నుంచి నేను చెబుతుంటే పిల్ల రాస్తుంది. చెయ్యి తనది, మాటలు నావి.

శుక్రవారం నాడు జుమా నమాజ్ నుంచి వచ్చి నువ్వు మన ఖాందాన్ గ్రూపులో ఒక వీడియో పెట్టావు. ఏదో కాలేజీ ల్యాబ్‌లో సాయంత్రం ఆరింటికి ఒక పిల్ల మీద సీనియర్ ఒకడు అఘాయిత్యం చేశాడని, పిల్ల కేసు పెట్టిందని ఒక యూట్యూబ్ చానల్ వాళ్లు చెప్పారు. పిల్ల పేరు చెప్పలేదు. కాలేజీ పేరు కూడా చెప్పలేదు, గేటును మసక చేసి చూపించారు. దాని కింద నువ్వు, "చూసిండ్రా, ఆడపిల్లలను హాస్టళ్లల్ల ఏస్తే గిట్లనే అయితది" అని రాశావు. మన పెద్దవాళ్లంతా బొటనవేలి బొమ్మలు పెట్టారు. ఆ తర్వాత గ్రూపులో నుంచి ఎవరు వెళ్లిపోయారో నువ్వు చూసుకున్నావో లేదో.

ఏ కాలేజీ అని నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు. చదువుకునే ఆడపిల్ల ఇంట్లో ఉన్నవాడు మొట్టమొదట అడగాల్సింది అదే. నువ్వు అడగకుండానే తీర్పు చెప్పావు.

నేను ఫోన్‌లో ఖురాన్ తిలావత్ వింటాను, ఉమేరా పెడితే వంటలు చూస్తాను. వీడియోల కింద జనం రాసే మాటలను ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ రోజు నువ్వు పెట్టిన వీడియో కింద చూశాను. వేలు జరిపిన కొద్దీ వస్తూనే ఉన్నాయి. మా పక్కింటి బీరమ్మ, బుట్టలో కూరగాయలు తెచ్చి అమ్మే ఆమె, అప్పుడే మా అరుగు మీద కూర్చుని నాకోసం మెంతికూర తుంచుతోంది. ఆమెకు చదువు రాదు. "ఏం జదువుతున్నవ్ షంషాద్, మొకం గట్ల వెట్టినవ్? జర నాగ్గూడ చదువు" అంది. చదివాను.

ముందుగాల పోరడిది ఏ మతమో చెప్పుండ్రి, గప్పుడు మాట్లాడుదం అని ఒకడు. దాని కింద మా మతం, మీ మతం అని పెద్ద కొట్లాట. ఎంత జరిపినా అది తెగలేదు. అందులో ఆ పిల్ల ఊసే లేదు. కోపం తెచ్చుకోవాలో వద్దో తేల్చుకోవడానికి వాళ్లకు వాడి పేరు కావాలి, అంతే. మా అక్కచెల్లెండ్లు సుత చదివిండ్రు, వాళ్లకు గాలేదు గిట్ల, గీమెకే ఎందుకయింది అని ఇంకొకడు. ఉరి తియ్యాలె, నడి బజార్ల కాల్చాలె అని ఒకడు గొంతు చించుకున్నాడు. సంతోషపడ్డాను, భాయిజాన్. వీడొక్కడైనా ఉన్నాడనుకున్నాను. కొంచెం కిందకు జరిపితే వాడే మళ్లీ, ఆ పిల్ల ఫోటో ఉంటే పెట్టుండ్రి అన్నా అని అడిగాడు.

ఆడవాళ్లు కూడా ఉన్నారు. ఒకామె, మేం బస్సుల నిలబడి పోయి చదువుకున్నం, తల వంచుకోని పోయి తల వంచుకోని వచ్చినం అని రాసింది. తల్లీ, నీ వంచిన తల మీద ఎవడి చెయ్యీ పడలేదంటే అది అల్లా దయ, నీ గొప్ప కాదు అని నాకు రాయాలనిపించింది. ఫోన్‌లో రాయడం తెలియక ఊరుకున్నాను.

వీటన్నిటి కింద పసుపు ముఖాలు. కళ్లల్లో నీళ్లొచ్చేలా పడి పడి నవ్వే ముఖాలు. ఏం చూసి నవ్వారు? నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

బీరమ్మ మధ్యలో, "ఆగాగు షంషాద్" అంది. "గింతమంది రాసిండ్రు గద. పోరి ఎందుకు వోయింది, ఏం బట్టలేసుకుంది, ఎవలతోని మాట్లాడింది, గివే గద. గా పోరడు ఎందుకు వోయిండు అక్కడికి? వానికేం పని ఉండె? అది అడిగిండా ఒక్కడన్న?" అంది. వెతికాను. ఒకామె అడిగింది. ఆమెను, నీకేమైతదే అది, నువ్వు సుత గసుంటిదానివేనా అని తిట్టారు.

అప్పుడు ఒక మాట వచ్చింది. పూర్తి వీడియో ఉందా అన్నా, లింక్ పంపు అని. చదవడం ఆపేశాను. ఏమైందని బీరమ్మ అడిగింది. వీడియో అడుగుతున్నారు అని మాత్రం అన్నాను. ఆమెకు అర్థమైంది. వాకిట్లోకి థూ అని ఉమ్మి, "గీళ్లంత ఇండ్లల్ల కూసోనే రాస్తున్నరా? తల్లులు అన్నం వెడుతున్నరా గీళ్లకు?" అంది.

దాని కిందే నీ ఫోటో వచ్చింది. దుకాణం ముందు తెల్ల టోపీ పెట్టుకుని నిలబడ్డావు. ఆ ఫోటో పోయిన పండుగకు ఉమేరా తీసింది. బీరమ్మ, "మీ అన్న గాదు? మంచిమనిషి. ఏం రాసిండు?" అంది. మా ఇంటికి వచ్చినప్పుడు నువ్వు ఆమెకు గాజులు వేశావు, ఆమెకు గుర్తుంది. నేను చదవలేదు. ఏదో వ్యాపారం మాట అన్నాను. ఒక నమాజీ మనిషి కోసం అబద్ధమాడాను. అది నా లెక్కలో పడింది, పడనీ.

ఆమెకు చదవనిది నీకు చదివి వినిపిస్తాను. నువ్వు రాసింది ఇది:

"సాయంత్రం ఆరింటికి ల్యాబ్‌ల ఒంటరి ఆడపిల్లకు ఏం పని? ముందుగాల తనే పిల్చుకుంది, బయటపడేసరికి కేసు పెట్టింది. గిట్లాంటి దాన్ని కన్న తండ్రి ఎవడో గాని వాని పెంపకానికి ఒక దండం."

చివర చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టావు.

ఇది రాయమన్నప్పుడు పిల్ల కలం ఆపింది. వద్దులే, ఇది నేనే ఎట్లాగో రాస్తాను అన్నాను. లేదు, నేనే రాస్తాను అంది. ఒక్క అక్షరం వదలకుండా రాసింది.

నువ్వేమంటావో నాకు తెలుసు. "నేను ఎవ్వల పేరు రాయలే గద షంషాద్" అంటావు. అవును, రాయలేదు. పేరు లేని పిల్లను అంటే ఎవరికీ తగలదు అనుకున్నావు. పేరు లేకపోతేనే ఎక్కువ మందికి తగులుతుంది. చదువుకునే ప్రతి ఆడపిల్లా అది చదివి, రేపు నాకేమన్నా అయితే మా మామూ, మా నాయిన, మా మస్జిద్‌లో ముందు వరుసలో నిలబడే పెద్దమనిషి ఇదే అంటాడు అనుకుంటుంది. అనుకుని నోరు మూసుకుంటుంది. ల్యాబ్‌లో తలుపు వేసినవాడికి కావాల్సింది కూడా అదే. నువ్వు వాడికి చేసిపెట్టావు. ఊరికే చేసిపెట్టావు.

ఆ పిల్లను నేను ఎరుగుదును, భాయిజాన్. ఉమేరాకు దగ్గరిది. మంచిపిల్ల అని రాయను. మంచిపిల్ల కాకపోయినా వాడు చేసింది అదే. కానీ ఆరింటికి ఏం పని అని అడిగావు కాబట్టి చెబుతాను. రికార్డు పుస్తకం మీద సంతకానికి పోయింది. మరునాడు ఆఖరు రోజు. మేడం ఇంకా ల్యాబ్‌లోనే ఉంది, జల్ది పో అని చెప్పింది ఆ సీనియరే. మేడం అప్పటికే ఇంటికి పోయింది. పిల్ల లోపలికి పోయాక వాడు తలుపు వేశాడు. ఇంతకంటే రాయించను. పిల్ల పెనుగులాడింది. చేతి గాజులు పగిలి మణికట్టు కోసుకుంది. చిలకపచ్చ గాజులు, మీద బంగారు చుక్కలు. ఆ ముక్కలను పోలీసులు కవరులో వేసి, సీలు వేసి తీసుకుపోయారు. నువ్వు తనే పిల్చుకుంది అని రాసేటప్పుడు ఆ ముక్కలు పోలీసు స్టేషన్‌లో ఉన్నాయి.

బయటపడ్డాక ఆ పిల్ల నీళ్ల ట్యాంకు వెనక కూర్చుని ఇంటికి ఫోన్ చేయబోయింది. చేయలేదు. ఉమేరాకు చేసింది. ఇంటికి ఎందుకు చేయలేదు బిడ్డా అని నేను తర్వాత అడిగితే, "ఇంట్ల ఏమంటరో అని బుగులైంది" అంది. నేను తల నిమిరి, "తప్పు చేసినోడు బుగులు పడాలె, నువ్వెందుకు పడుతవు? పెద్దమనుషులు నీ దిక్కే నిలబడుతరు" అన్నాను. ఆ మాటకు ఆ పిల్ల ధైర్యం తెచ్చుకుంది. స్టేషన్‌లో అన్నీ చెప్పింది. ఆ వారం దాటకుండానే నీ ముక్క వచ్చింది. ఆ పిల్ల కూడా అది చదివింది. నన్ను అబద్ధాలకోరును చేశావు.

ఇప్పుడు గురువారం సంగతి. ఆ రోజు ఆ పిల్ల పాలమూరులో మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం ఇవ్వాలి. శుక్రవారం నుంచి పోనంటోంది. "ఆడ సుత గివే అడుగుతరు. గింతమంది అంటున్నరంటే నాదే ఏమన్న తప్పున్నదో ఏమో" అంది. ఆ మాట విని నేను వంటింట్లోకి పోయి, పొయ్యి దగ్గర నిలబడి, ఎవరికీ వినపడకుండా నీ మీద అరిచాను. నా జీవితంలో నీ మీద అరవడం అదే మొదలు. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

నీకు బక్కమ్మ గుర్తుందా? పండుగలకు ఊరి నుంచి నడిచి వచ్చి మన అబ్బా దుకాణంలో గాజులు వేయించుకునేది. నువ్వు అప్పుడప్పుడే గాజులు వేయడం నేర్చుకుంటున్నావు. నేను పెట్టెలు అందిస్తున్నాను. ఆమె చేతికి వేస్తూ నువ్వు తొందరపడ్డావు, గాజు చిట్లింది, రక్తం వచ్చింది. నువ్వేమన్నావు? "నీ చెయ్యి మొద్దుగున్నదక్కా, నేనేం జేద్దు" అన్నావు. పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. బక్కమ్మ కూడా సిగ్గుపడి, "అవు బిడ్డా, పని చేసిన చెయ్యి" అని చెయ్యి వెనక్కి తీసుకుంది.

అబ్బా నిన్ను కొట్టలేదు. గద్దె దిగమన్నాడు. తనే ఆమె మణికట్టు కడిగి, పసుపు అద్ది, వేరే జత వేశాడు. పగిలినదానికి పైసలు ముట్టలేదు. ఆమెతో, "నా దుకాణంల పగిలింది చెల్లె, నీ చెయ్యిది తప్పు కాదు" అన్నాడు. ఆ నవ్విన ఆడవాళ్ల ముందే అన్నాడు. సాయంత్రం దుకాణం మూసేటప్పుడు నీతో అన్న మాట నేను విన్నాను. "మనను నమ్మి చెయ్యి చాపుతరు. పగిలితే మన చేతుల పగిలింది. తప్పు తెచ్చి చెయ్యి మీద పెట్టినోడు గాజులు అమ్మొద్దు" అన్నాడు. చాలా రోజులు నిన్ను గాజు ముట్టనివ్వలేదు.

ఆ తర్వాత నువ్వు అబ్బా కంటే మంచి పేరు తెచ్చుకున్నావు. నేను కాదనను. ఏ కులం ఆడమనిషైనా, కొత్త కోడలైనా, నీ ముందు జంకు లేకుండా చెయ్యి చాపుతుంది. నువ్వు తలెత్తి ముఖం చూడవు. అక్కా, బిడ్డా అని తప్ప పిలవవు. గాజు పగిలితే ఇప్పటికీ అబ్బా మాటే అంటావు. మరి ఫోన్ మీద రాసేటప్పుడు ఆ చెయ్యి ఎటు పోయింది? ఎదురుగా కూర్చుంటే బిడ్డా అనేవాడివి, కనపడకపోతే గిట్లాంటిది అన్నావు. బక్కమ్మ ముందు అన్నప్పుడు నీకు పన్నెండేళ్లు. ఇప్పుడు గడ్డం నెరిసింది.

ఉమేరా నాయిన నాతో, "పెద్దమనిషి, వదిలెయ్యి షంషాద్, చుట్టరికం చెడుతది" అన్నాడు. ఆయన శాంతం నీకు తెలుసు. కానీ మొన్న ఒక లారీ ఆయన టైరు విప్పదీయించుకుంటూ ఆ వీడియోనే పెద్దగా పెట్టుకుని, ఆ పిల్ల గురించి పాడు మాట అని నవ్వాడట. ఈయన విప్పిన టైరు అట్లనే వదిలేసి, చేతులు తుడుచుకుని, "ఇంకో దుకాణం చూసుకో" అన్నాడు. "గీ ఎండల నేనెటు పోవాలె ఖైసర్ భాయ్, తమాషకన్న గద" అని వాడు బతిమాలాడట. "నేను సుత తమాషకే విప్పిన" అన్నాడు ఈయన. ఇంటికి వచ్చి చెబితే ఉమేరా ఎన్ని రోజుల తర్వాతో నవ్వింది. ఎవరో తెలియని డ్రైవరు ముందు ఆయన నిలబడ్డాడు. నేను నా సొంత అన్న ముందు నిలబడలేనా అనిపించింది. ఈ కాగితాలు అప్పుడే మనసులో పడ్డాయి.

ఇంక నేను చెప్పదలచుకుంది చెబుతాను. నేను పదో తరగతి చదివినదాన్ని. మతం చదువుకున్న ఆలిమ్‌ను కాను. కానీ చిన్నప్పుడు మనిద్దరికీ ఉస్తానీమా ఒకే చాప మీద ఖురాన్ పాఠం చెప్పింది. సాక్షులను చూపకుండా ఒక ఆడమనిషి శీలం మీద మాట వేసినవాడి గవాహీ, అంటే వాడి సాక్ష్యం, వాడు తౌబా చేసి, తప్పు ఒప్పుకుని దిద్దుకునేదాకా, ఇంక ఎక్కడా చెల్లదని చెప్పింది. ఎంత పెద్ద నమాజీ అయినా సరే. నువ్వు ఆ రోజు, అంత కష్టమా అని అడిగావు. "నాలుక సుఖంగా ఉంటది, అందుకే శిక్ష కష్టంగా ఉంటది" అని ఆమె అంది. నువ్వు మరిచిపోయావేమో. నేను మరిచిపోలేదు.

మన ఖాందాన్‌లో ఏ నికా జరిగినా ఆడపిల్ల దగ్గరికి పోయి, ఒప్పుకున్నవా బిడ్డా అని అడిగి, ఆమె నోటి మాటకు గవాహీగా నిలబడేది నువ్వే. నా నికాకు కూడా నువ్వే నిలబడ్డావు. ఒక పిల్ల ఒప్పుకుందా లేదా అన్నది ఆమె నోటితో విని, పదిమందికి చెప్పే పని అది. శుక్రవారం నాడు నువ్వు ఒక పిల్ల నోటి మాట వినకుండానే, ఆమె ఒప్పుకుంది అని పదిమందికి చెప్పావు. ఇంక నా బిడ్డ ఒప్పుకుందని నువ్వు చెబితే నేనెట్లా నమ్మాలి?

అందుకే వచ్చే నెల ఉమేరా నికాకు నీ గవాహీ వద్దు. మామూ ఇంటి నుంచి రావాల్సిన గాజుల జత కూడా వద్దు. ఈ మాట నేను ఉమేరాను అడిగే రాయిస్తున్నాను. అతిథిగా వస్తే దస్తర్‌ఖాన్ మీద మొదటి పళ్లెం నీదే. గవాహీ గద్దె మీద మాత్రం వేరేవాళ్లు కూర్చుంటారు. జనం ఎందుకని అడుగుతారు. అడగనీ. నేను మెల్లగానే చెబుతాను, కానీ చెబుతాను.

దీనికి ఒకటే దారి. ఆ మాటను ఊరికే తీసేస్తే చాలదు. చీకట్లో తుడిచేసుకుంటే అది తౌబా కాదు, దాచుకోవడం. ఎక్కడ రాశావో అక్కడే, అదే పేరుతో, అదే టోపీ ఫోటోతో, నేను తెలియకుండా ఒక ఆడపిల్ల మీద మాట వేశాను, అది తప్పు, ఆ మాట వాపసు తీసుకుంటున్నాను అని రాయి. జనం నిన్ను నవ్వుతారు. ఆ పసుపు ముఖాలు నీకు కూడా పెడతారు. ఒక్కరోజు వాటి కింద నువ్వు ఉండి చూడు. గురువారం లోపల రాస్తే ఆ పిల్ల అది చదివి కోర్టు మెట్లు ఎక్కుతుందని నా ఆశ.

కోపంలో ఎక్కువ రాయించి ఉంటే అల్లా నన్ను మాఫ్ చేయాలి. నిన్ను మాఫీ అడగను.

నీ చెల్లెలు,
షంషాద్.

తా.క. ఈ నాలుగు ముక్కలు మళ్లీ నా చేత్తోనే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటాయి, ఓపిక పట్టు.

జేబా సంగతి చివర రాస్తానన్నాను. భాయిజాన్, ఒకసారి తలెత్తి నీ వెనక అరల మీద గాజుల పెట్టెలు చూడు. వాటి మీద సైజులు, రంగుల పేర్లు రాసిన చేతిరాత చూడు. తర్వాత ఈ కాగితాలు మళ్లీ చూడు. ఉమేరా రాస్తోంది అనుకున్నావు కదా.

నీ మాటలను ఒక్క అక్షరం వదలకుండా రాసింది నీ బిడ్డే. ఆ చిలకపచ్చ గాజులు కూడా నువ్వే వేశావు, పోయిన రంజాన్ పండుగ నాడు, దుకాణంలో కూర్చోబెట్టుకుని.

నేను మొదటి పేజీలోనే చెబుదామన్నాను. జేబా వద్దంది. "ముందుగాల చెప్తే బిడ్డ కోసం తీసేస్తడు ఫుప్పూ. ఎవరో పిల్ల అనుకోనే చదవనియ్యి అబ్బాను" అంది. అందుకే ఇట్లా రాశాం. ఎవరో పిల్ల అనుకుంటున్నప్పుడే నీ మనసు కరిగిందో, ఈ ముక్క చదివాకే కరిగిందో నేను అడగను. ఆమె అడుగుతుంది. అప్పుడు ఆమెకు అబద్ధం చెప్పకు.

ఇదంతా రాయడం అయ్యాక కలం మూత పెట్టి, గురువారం ఏ బస్సుకు పోవాలని ఉమేరాను అడిగింది. నువ్వు రావాలని అనలేదు. రావద్దని కూడా అనలేదు. పొద్దున కోర్టు గేటు దగ్గర మేం ఉంటాం.

నువ్వు వాపసు తీసుకునే మాట అందరూ చూసేచోట రాయి. ఈ కాగితాలు మాత్రం జాగ్రత్తగా దాచిపెట్టు. భాభీకి కూడా చూపకు, ఆమెకు ఎప్పుడు చెప్పాలో జేబానే చెబుతుంది. ఇవి నీ దగ్గరే ఉండనీ, ఎవరికీ చూపకు.